సోల్ ప్రేమ పాట: మూరెడు దూరం, బెత్తెడు దూరం

జమ్మికుంట తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇది. కొత్తగా పెళ్లయింది. భార్య కోసం తెలుగులో ఒక పాట కట్టుకున్నాడు. రాత్రిపూట ఇయర్‌ఫోన్లలో వినే ఈ కాలపు అమెరికా సోల్ పాటల్లా, మనిషి పక్కనే కూర్చుని చెవిలో పాడినట్టు ఉండాలని కోరిక. హనుమకొండలో అద్దెకుంటున్న గదిలోనే ఒక కండెన్సర్ మైకు, కీబోర్డు, ల్యాప్‌టాప్ పెట్టుకుని రికార్డు చేశాడు. పెద్ద హాలులో పాడినట్టు మోత తెచ్చే రివర్బ్ పెంచాడు, వయొలిన్లు కలిపాడు, ఫ్లూట్ బిట్ పెట్టాడు. తీరా వింటే, ఫంక్షన్ హాల్లో ఎవరో పాడుతుంటే బయట చెప్పులు విడిచే చోట నిలబడి విన్నట్టు ఉందట. ఏం తక్కువైంది అన్నా, అని ప్రశ్న.

అన్నా అన్నావు కాబట్టి నువ్వు అనే పిలుస్తాను. పాట నాలుగుసార్లు విన్నాను, చివరిసారి అందరూ పడుకున్నాక ఇయర్‌ఫోన్లలో. తక్కువైంది ఏమీ లేదు తమ్ముడూ. ఉన్నవాటిలో సగం తీసేయాలి. నేను 20 ఏళ్లు వరంగల్, కరీంనగర్ పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రా కీబోర్డు వాయించినవాణ్ణి. ఇప్పుడు హనుమకొండలో ఒక చిన్న రికార్డింగ్ గది నడుపుతున్నాను. మాకు అన్నం పెట్టేవి జానపద పాటలు, ఊరేగింపు దరువులు. సోల్ పాట చేద్దామని ఏడాదికి ఒకరో ఇద్దరో వస్తారు. డబ్బు మిగలదు గానీ ఆ రోజు నాకు పండగ. అందుకే ఈ జవాబు పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టు.

మొదటి సంగతి దూరం. నీ రికార్డింగు వింటే నువ్వు మైకుకు మూరెడు దూరంలో నిలబడి పాడావని తెలిసిపోతోంది. గొంతుతోపాటు గది కూడా పాడుతోంది. మూరెడు నుంచి బెత్తెడుకు, అంటే 45 సెంటీమీటర్ల నుంచి ఏడెనిమిదికి జరిగితే, గది చప్పుడుతో పోల్చినప్పుడు నీ గొంతు దాదాపు 15 డెసిబెల్స్ ముందుకొస్తుంది. శబ్దాన్ని మార్చే ఏ ప్లగిన్ సాఫ్ట్‌వేర్ కొన్నా అంత తేడా రాదు. ఇంకో లాభం ఉంది. ముందువైపు నుంచి మాత్రమే వినే మైకులకు, ఇళ్లలో వాడేవి చాలావరకు అవే, నోరు దగ్గరికి వచ్చేకొద్దీ కింది స్వరాలు బలపడతాయి. తల దిండు మీద పెట్టి మాట్లాడే మనిషి గొంతులో ఉండే ఆ బరువు అక్కడి నుంచే వస్తుంది. చెవికి ఆ లెక్క తెలుసు. కింది స్వరాలు నిండుగా, ఊపిరి చప్పుడు స్పష్టంగా వినిపిస్తే మనిషి పక్కనే ఉన్నాడని అది నమ్మేస్తుంది.

అయితే దగ్గరికి జరిగి అదే జోరుతో పాడితే మైకులో గొంతు పగులుతుంది. జోరు తగ్గించాలి, అసలు కష్టం అక్కడే. మన దగ్గర పాట అంటే విసిరేది. ఒగ్గు కథ చెప్పేవాళ్లు మైకు లేని రోజుల్లో చివర కూర్చున్న ముసలాయనకు కూడా అందేలా పాడారు. బతుకమ్మ చుట్టూ ఒకామె అందుకుంటే మిగతావాళ్లంతా ఉయ్యాలో అని తిప్పి పంపాలి, పక్క వాడకు వినపడాలి. సోల్ పుట్టింది కూడా ఇలాంటి చోటే. అమెరికాలో నల్లజాతివారి చర్చిల్లో ఒకరు అందుకోవడం, సభంతా బదులివ్వడం. 1950లలో రే ఛార్లెస్, శామ్ కుక్ లాంటివాళ్లు ఆ చర్చి ఆవేశాన్ని తీసుకొచ్చి ప్రేమ పాటలో పోశారు. అంటే పుట్టుకతో అది గుసగుస కాదు. గుసగుసగా మారిన తీరు తెలుసుకుంటే నీకు పనికొస్తుంది.

1970ల మొదట్లో మెంఫిస్ నగరంలో అల్ గ్రీన్ అనే గాయకుడు ఉండేవాడు. అప్పటి పెద్ద సోల్ గాయకుల్లా అతనూ గట్టిగా అరిచి పాడేవాడు. నిర్మాత విల్లీ మిచెల్ అతన్ని పట్టుబట్టి మెత్తగా పాడించాడు. అక్కడి నుంచి అతని దశ తిరిగింది. వాళ్లు రికార్డు చేసిన రాయల్ స్టూడియో ఒకప్పుడు సినిమా హాలు, నేల ఇప్పటికీ తెర వైపు ఏటవాలుగానే ఉంటుంది. మన ఊళ్లలో మూతపడ్డ సినిమా హాళ్లన్నీ ఫంక్షన్ హాళ్లయ్యాయి, ఒక్కటైనా స్టూడియో కాలేదే అని నాకు అప్పుడప్పుడూ దిగులు. సరే, ఆ మెత్తని పద్ధతినే 1990లలో డి ఏంజెలో, ఎరికా బాడు, మాక్స్‌వెల్ మళ్లీ ఎత్తుకున్నారు. దానికి నియో సోల్ అని పేరు పడింది. నువ్వు రాత్రి ఇయర్‌ఫోన్లలో వింటున్నది ఆ పాటకు మనవరాలు.

గొంతు తగ్గించు అంటే కుదరదని నాకు అనుభవంలో తెలిసింది. ఒకసారి మహబూబాబాద్ వైపు నుంచి ఒకావిడ వచ్చింది. జానపదాలు అద్భుతంగా పాడుతుంది. ఒక ప్రేమ పాట మెల్లగా పాడాలి. మెల్లగా అన్నప్పుడల్లా శబ్దం తగ్గిస్తోంది గానీ మనిషి వేదిక మీదే ఉంది. మెడ నిటారుగా, చూపు ఎదురుగోడ మీద. తొమ్మిది టేకులయ్యాయి. అప్పటికి రాత్రి పన్నెండు దాటింది. ఆవిడ రెండేళ్ల పాప గదిలోనే మూలన జంపఖానా మీద నిద్రపోయింది. ఇంకొక్కసారి అన్నాను. పాప లేస్తుందేమోనని ఆవిడ కుర్చీ మైకు దగ్గరికి లాక్కుని, తల వంచి, పాప వైపు చూస్తూ పాడింది. నేను శబ్దం పెంచి తగ్గించే ఫేడర్ మీద చెయ్యి తీయడం మరిచిపోయాను. మాటలు అవే, స్వరాలు అవే. అక్షరాల చివరలు మాత్రం గాలిలో కలిసిపోతున్నాయి. రెండో చరణంలో ఒక భకారం ఫట్‌మని మైకును కొట్టింది, తర్వాత కాజీపేట వైపు వెళ్లే గూడ్సు బండి కూత వేసింది, ఆ టేకు పనికిరాలేదు. కానీ దారి దొరికింది, తర్వాతిది ఉంచుకున్నాం.

కాబట్టి నువ్వు నిలబడి పాడకు. కూర్చో. నీ భార్య వింటున్నట్టు ఊహించుకోమని చెప్పను, అలా ఊహించుకుంటే నటన వస్తుంది. పక్క గదిలో నిజంగానే ఎవరైనా నిద్రపోతున్న వేళ పాడు. మైకు మూతికి సూటిగా కాకుండా కొద్దిగా చెంప వైపు నుంచి పెట్టు. ప, బ, భ పలికినప్పుడు వచ్చే గాలి పక్కనుంచి పోతుంది.

శ్రుతి కూడా దించాలి. రెండు శ్రుతిలో పాడావు, అనుపల్లవి దగ్గర పైకి ఎక్కేసరికి నరాలు బిగుసుకున్నాయి. కింది స్థాయిలోని ఆరున్నరకు దించు. పల్లవి మంద్రంలో మాట్లాడినట్టు వస్తుంది, పైకి వెళ్లాల్సిన ఒక్క చోట దొంగ గొంతు, అంటే సన్నని ఫాల్సెట్టో, వాడు. మన గురువులు దొంగ గొంతు అని తిట్టారు గానీ, ఈ పాటల్లో అది దొర గొంతు. మగవాడు బలం చూపడం మానేసి, నీ ముందు నాకు దాపరికం లేదు అన్నట్టు వినిపించే చోటు అదే. పాటంతా వాడితే మాత్రం ఆ విలువ పోతుంది.

ఇక స్వరాలు. చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్నావని వింటేనే తెలుస్తోంది, ప్రతి దీర్ఘాన్నీ ఊపుతున్నావు. నీ పల్లవి వరుస దాదాపు మోహనం. స, రి, గ, ప, ద. అమెరికా సోల్ గాయకులు ఎక్కువగా తిరిగేది కూడా ఈ ఐదు స్వరాల చుట్టూనే. విషాదం పలకాలంటే వాళ్లు పట్టుకునే మరో ఐదు మన శుద్ధ ధన్యాసి స్వరాలు. స్వరాలు ఒకటే అయినా నడక వేరు. మనం స్వరం మీద నిలబడి దాన్ని కదిలిస్తాం. వాళ్లు స్వరాన్ని కదలకుండా పట్టుకుని, వదిలే ముందు గబగబా మెట్లు దిగుతారు. ఇంకో రహస్యం గాంధారంలో ఉంది. కిందిదైన సాధారణ గాంధారానికీ, పైదైన అంతర గాంధారానికీ మధ్య ఒక చోటు ఉంటుంది, హార్మోనియం మీద దొరకదు. కింద కీబోర్డు అంతర గాంధారం వాయిస్తుంటే గొంతు సాధారణం నుంచి బయలుదేరి, పూర్తిగా చేరకుండా జారుతూ ఉంటుంది. ఆ చేరకపోవడంలోనే గుండె పట్టేసే గుణం ఉంది. నీలాంటి సంగీతం వచ్చినవాడికి ఇది పది నిమిషాల పని, ఎటొచ్చీ తప్పు పాడుతున్నానేమో అన్న భయం పోవాలి.

ఈ విషయంలో నేను చేసిన ఒక పాపం చెబుతాను. 1997లో శ్రుతి తప్పిన గొంతును సరిచేసే ఆటో ట్యూన్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చాక ప్రపంచమంతా గొంతులు సరిచేసుకోవడం మొదలుపెట్టింది, మా గదికి ఆ జబ్బు ఆలస్యంగా వచ్చింది, గట్టిగానే వచ్చింది. ఒక కుర్రాడు చక్కగా పాడి వెళ్లిన పాటను రాత్రి కూర్చుని మొత్తం సరిచేశాను. అతను జార్చిన గాంధారాలన్నీ తీసుకెళ్లి తిన్నగా మెట్టు మీద కూర్చోబెట్టింది ఆ యంత్రం. మరునాడు విని, అన్నా నా పాట బ్యాంకు ఫోను మెషీన్ చదివినట్టుంది అన్నాడు. అసలు ఫైలు దాచుకోలేదు. మళ్లీ పాడించాను, మొదటిసారిలా రాలేదు.

మాటల దగ్గరికి వద్దాం. నీ పాటలో చెలియా, నయనాలు, ప్రియతమా ఉన్నాయి. ఇంట్లో నీ భార్యను ఎప్పుడైనా ప్రియతమా అని పిలిచావా? పిలిస్తే ఆవిడ జ్వరం చూస్తుంది. ఈ తరహా పాటలో బలం వాడుక మాటకే ఉంటుంది. పల్లవిలో కాంతులు, కాంతలు తీసేసి, మీ ఇద్దరికే తెలిసిన ఒక్క వస్తువు పెట్టు. నువ్వు నాకు రాసిన ఉత్తరంలోనే ఒక వాక్యం ఉంది: ఆవిడ రాత్రి తలుపు గడియ వేశాక నీ వైపు చూసి లైటు తీస్తుందని. ఆ గడియ చప్పుడు ముందు రాయ్, వెన్నెల తర్వాత చూద్దాం. ఇంకో చిన్న సంగతి. మన క్రియలు చాలా మటుకు ఉకారంతో ముగుస్తాయి. ఉన్నావు, వచ్చాను, చూశావు. గట్టి గొంతుతో లాగితే ఆ ఉ నోట్లోనే మూసుకుపోతుంది. దొంగ గొంతుకు మాత్రం ఉ, ఊ చాలా సులువు. కాబట్టి పైకి వెళ్లే వాక్యం ఉకారంతో ముగిసేలా, కింద నిలిచే వాక్యం ఆకారంతోనో ఏకారంతోనో ముగిసేలా సర్దుకో.

కీబోర్డు గురించి రాయడం మొదలుపెడితే ఆగలేను, అయినా కొంత. నువ్వు వాడింది గాజు గ్లాసుల్లా గలగలలాడే ఎలక్ట్రిక్ పియానో. అది 1983లో వచ్చిన యమహా డిఎక్స్7 కీబోర్డు వంశం, మా ఆర్కెస్ట్రాల వాళ్లమంతా దాని మీదే బతికాం. నీకు కావలసింది దానికన్నా పాతది, ఫెండర్ రోడ్స్. అందులో తంత్రులుండవు. మీట నొక్కితే చిన్న సుత్తి వెళ్లి సన్నని ఉక్కు పుల్లను కొడుతుంది, గిటారుకు ఉన్నట్టే పక్కన ఒక పికప్ ఆ కదలికను అందుకుంటుంది. మెల్లగా నొక్కితే గుడిగంట దూరంగా మోగినట్టు గుండ్రంగా ఉంటుంది, గట్టిగా నొక్కితే గొంతు చించుకుంటుంది. నీ కీబోర్డులో రోడ్స్ నమూనా ఎలాగూ ఉంటుంది. దాన్ని ఎంత మెత్తగా వాయిస్తే అంత మంచిది.

కార్డ్స్ ఇలా మార్చు. తేలికగా ఉండటానికి సి శ్రుతిలో చెబుతాను, తర్వాత నీ శ్రుతికి జరుపుకో. నువ్వు సి, ఏ మైనర్, ఎఫ్, జి అని నాలుగు వాయించావు, ప్రతిసారీ చెయ్యంతా లేచి గెంతుతోంది. దానికి బదులు ఎడమ చేతితో డి ఒక్కటే పట్టుకుని కుడి చేతితో ఎఫ్, ఏ, సి, ఈ వాయించు. ఇది డి మైనర్ నైన్త్. ఇప్పుడు ఎడమ చెయ్యి జి మీదికి వెళ్తుంది, కుడి చేతిలో సి మీదున్న వేలు ఒక్కటి బి మీదికి జరుగుతుంది, మిగతా మూడూ కదలవు. ఎఫ్, ఏ, బి, ఈ. అది జి థర్టీంత్. చివరికి ఎడమ చెయ్యి సి, కుడి చెయ్యి ఈ, జి, బి, డి. సి మేజర్ నైన్త్. మొత్తం మీద వేళ్లు జరిగింది ఒకటి రెండు మీటలు. దుప్పటి కింద మనిషి అటు నుంచి ఇటు తిరిగినంత కదలిక. మొదటి రెండే తిప్పి తిప్పి వాయిస్తే, డి ని షడ్జమంగా పెట్టుకున్న ఖరహరప్రియ స్వరాలు. నీ గొంతుకు అదీ చేరువే.

ప్రతి మాత్రకూ వాయించకు. ఒకసారి నొక్కి, మోత తగ్గిపోయేదాకా వేచి చూడు. ఆ ఖాళీలో నీ ఊపిరి వినిపించాలి. ఊపిరి చప్పుళ్లు కోసి పారేశావు కదా, అవన్నీ వెనక్కి తెచ్చిపెట్టు.

లయ నిమిషానికి 92 దెబ్బలు పెట్టావు. 66కు తే. ఇప్పుడు ఒక్కో దెబ్బకూ మధ్య దాదాపు 909 మిల్లీసెకన్లు ఉంటాయి, బోలెడంత చోటు. కిక్ అనే పెద్ద డ్రమ్ మెత్తగా, స్నేర్ అనే చిన్న డ్రమ్ దెబ్బ బదులు దాని అంచు మీద కర్రతో తట్టే చప్పుడు. ఆ తట్టును కంప్యూటర్ గీత మీద నుంచి 20 మిల్లీసెకన్లు ఆలస్యంగా పడేలా జరుపు. డెట్రాయిట్ నగరానికి చెందిన నిర్మాత జె డిల్లా, 2006లో చిన్న వయసులోనే పోయాడు, తన డ్రమ్ మెషీన్‌లో దెబ్బలను గీతకు సర్దే సదుపాయాన్ని వాడకుండా చేత్తో కొట్టినట్టే ఉంచేవాడు. ఆ తూగు నుంచే ఇప్పటి సోల్ పాటల నడక చాలావరకు వచ్చింది. నీకు ఇది కొత్త కాదు. జమ్మికుంటలో డప్పు కొట్టే ముగ్గురిని విను, ముగ్గురి దెబ్బా ఒక్క క్షణంలో పడదు, పడితే ఆట రాదు. మనం దాన్ని కంప్యూటర్‌లోకి తెచ్చేటప్పుడే చక్కగా దువ్వి చంపేస్తాం.

బేస్‌కు ఎక్కువ చెప్పను. మోటౌన్ అనే సోల్ రికార్డు సంస్థ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ కుడి చేతి చూపుడు వేలు ఒక్కదానితోనే మీటేవాడు. నువ్వూ ఒక్క వేలితోనే కీబోర్డు మీద వాయించు, ప్రతి స్వరాన్నీ త్వరగా వదిలెయ్. నువ్వు పాడుతున్నప్పుడు బేస్ నోరు మూసుకోవాలి, వాక్యం అయ్యాక బదులివ్వాలి. చర్చిలో సభ బదులిచ్చిన పద్ధతి ఇక్కడ ఇలా మిగిలింది. వెనక గొంతులు కూడా నీవే పాడు, ఇంకా మెల్లగా, ఎడమకొకటి కుడికొకటి. వయొలిన్లు, ఫ్లూట్ బిట్ తీసెయ్. ఫ్లూట్ బాగుంది, నిజంగానే బాగుంది, ఇంకో పాటకు దాచుకో.

గది సంగతి. ఖాళీ గోడల గదిలో బెత్తెడు దూరం కూడా పూర్తిగా కాపాడదు. మా గదిలో వరంగల్ కొత్తవాడ జంపఖానాలు కట్టాం. కానీ గోడకు అతికించినట్టు కట్టకు, పలచని నూలు బట్ట పైపై స్వరాలను తప్ప ఏమీ పీల్చదు. గోడకూ బట్టకూ మధ్య 10 సెంటీమీటర్ల ఖాళీ ఉంచితే సుమారు 850 హెర్ట్జ్ నుంచి పై స్వరాలను బాగా అందుకుంటుంది. కింది స్వరాలకు దూది పరుపే దిక్కు. మంచం మీది పరుపు లేపి నీ వీపు వెనక గోడకు ఆనించు, ముందు వైపు వినే మైకు ఎక్కువగా వినేది ఆ గోడనే. రివర్బ్ ఒక సెకను మించనివ్వకు, అది మొదలయ్యే ముందు 30 మిల్లీసెకన్లు ఆలస్యం పెట్టు. గొంతు ముందు నిలుస్తుంది, గది వెనక నిలుస్తుంది. కంప్రెషన్, అంటే గొంతులో హెచ్చుతగ్గులను అణిచే సదుపాయం, 3:1 పెట్టు, దాని సూది నాలుగు డెసిబెల్స్ మించి ఊగకూడదు. అంతకన్నా తిప్పాల్సి వస్తోందంటే పాడటంలోనే హెచ్చుతగ్గులున్నాయని అర్థం, మళ్లీ పాడు.

ఈ వారం గొంతు, రోడ్స్ రెండే ఉంచి పంపు. డ్రమ్స్ తర్వాత చూద్దాం. అవి రెండే ఉన్నప్పుడు పాట నిలబడకపోతే ఇంకేం కలిపినా నిలబడదు. ఫ్యాను ఆపు, ఫ్రిజ్ ఆపు. ఫ్రిజ్ ఆపినప్పుడు బండి తాళంచెవి అందులో పెట్టు, బయటికి వెళ్లేటప్పుడు దాన్ని తీయక తప్పదు కాబట్టి మళ్లీ ఆన్ చేయడం గుర్తొస్తుంది. రెండు లీటర్ల పాలు విరిగాక మా ఆవిడ నేర్పిన పద్ధతి ఇది.